మైలుకోట బరువు

ఈ ఉదయం మా మైలుకోట నేలను వదిలి మోకాలెత్తున నిలబడి ఉంది. గోడల కింద నుంచి వెలుతురు వస్తోంది. సరిహద్దు గోడకు అవతలి వాళ్ల గొర్రెపిల్లలు ఆ సందులో దూరి ఇవతలికి వచ్చి, ఇక్కడి గడ్డి రుచి చూసి, నచ్చక తిరిగి వెళుతున్నాయి.

కోటలో ఉండే రోమా సైనికులు దీన్ని పెద్దగా పట్టించుకోవడం లేదు. గడప కూడా గోడతోపాటే లేచింది గనక బయట ఒక పీట, లోపల ఒక పీట వేసుకున్నారు. ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ముందు ఎక్కినవాడు వెనకవాడికి చెయ్యి అందిస్తున్నాడు.

నా పేరు పల్లపు ఉరుకుందమ్మ. ఈ కోట కట్టింది మేము. మేమంటే బేతంచెర్ల పక్కనుంచి వచ్చిన రాతిపని ముఠా. సరిహద్దు గోడకు మనుషులు కావాలని కబురొస్తే పొద్దున పిల్లలతో సహా లారీ ఎక్కాం, మధ్యాహ్నం మంచు పడే కొండ మీద దిగాం. దారిలో ఎవరూ ఏమీ అడగలేదు. గోడ ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా పోతుంది. మైలుకొక చిన్న కోట ఉంటుంది కాబట్టి దాన్ని మైలుకోట అంటారు. రెండు గుమ్మాలు, కొద్దిమంది సైనికులు పడుకునే సావిడి, మూలన రొట్టెల పొయ్యి, గోడ పైకి పోవడానికి మెట్లు. అంతే. మా ఊరి బడి ఇంతకంటే పెద్దది. కానీ మా ఊరి బడి వానకు కారుతుంది. ఇది కారదు. ఇందులో ఒక్క రాయి కదలదు. కోట మొత్తం కదిలింది, అది వేరే సంగతి.

ఉత్తరం గుమ్మం తెరిస్తే లోయ. అక్కడ గుమ్మం ఎందుకయ్యా అని కట్టేటప్పుడే అడిగాం. పటంలో ఉంది అన్నారు. పెట్టాం. గోడ మొత్తం మీద అంత చక్కని కమాను ఇంకోటి లేదు. దానిలోంచి ఎవరూ పోలేరు, అదొక్కటే లోపం. ఆ లోపం మాది కాదు.

కోట ఎందుకు లేచిందో అందరికీ తెలుసు. నిన్న మా పేరు రాయిని ఊడదీశారు.

ఈ గోడ మీద ఒక వాడుక ఉంది. ఏ ముఠా ఎంతమేర కడితే అంతమేరకు చివర తన పేరు చెక్కిన రాయి ఒకటి పెట్టుకోవచ్చు. మా రాయి దక్షిణపు గుమ్మం నెత్తిన ఉండేది. మా అమ్మ సుంకులమ్మ చెక్కింది. "పల్లపోళ్ల ముఠా కట్టింది" అని, అంతే. మా ముఠాలో ఉలి పట్టిన మొదటి ఆడది అమ్మే. అప్పటికే ఆమె ఊపిరి నిండా రాతి దుమ్ము. చివరి అక్షరం కొట్టి, ఉలి కడిగి, నా చేతికిచ్చి, పడుకుంది. మళ్లీ లేవలేదు. ఆమెను కొండవాలులో పూడ్చాం. అక్కడ గుర్తుగా రాయి పాతలేదు. ఆమె రాయి గుమ్మం మీద ఉంది కదా, దారిన పోయే ప్రతివాడూ చూస్తాడు కదా అనుకున్నాం.

ఇప్పుడు చక్రవర్తి గోడ చూడటానికి వస్తున్నాడు. ఆయన గుమ్మం కింద నుంచి పోయేటప్పుడు నెత్తిన కూలివాళ్ల పేరు ఉండకూడదట. ఆ మాట అన్నవాడు ఫెస్టస్, ఈ కోట మీద అధికారి. పటం గీసినవాడి పేరు పటం మీద ఉంటుంది. పన్ను వసూలు చేసినవాడి పేరు పెట్టె మీద ఉంటుంది. గోడ కట్టినవాడి పేరు మాత్రం గోడ మీద ఉంటే కంటికి అడ్డం.

ఊడదీసిన రాయిని పొయ్యి పక్కన దించారు. దించిన చోటే అది నేలలోకి దిగడం మొదలెట్టింది. పొయ్యి ఒరిగి దాని మీదికి వంగింది, చెవి ఆనించి ఏదో వింటున్నట్టు. తెల్లవారేసరికి గోడలు పైకి లేచాయి.

రంగముని మామ మా మేస్త్రీ, అమ్మకు తమ్ముడు. ఆయన గోడ వాలు చూడటానికి తూకం గుండు వదులుతాడు. గుండు కిందికి వేలాడదు. దారాన్ని అడ్డంగా లాక్కుని, పొయ్యి వైపు చూపిస్తూ గాలిలో నిలబడుతుంది.

"బరువు యాడికీ పోల్యా," అంటాడు మామ, దారం చుట్టుకుంటూ. "అంతా ఆ రాయిలోకి పోయి కూసుండాది."

దస్తగిరి నవ్వుతాడు. అతను మాకు సున్నం కాల్చి కలిపి ఇచ్చే మనిషి. అతని కనురెప్పలు కూడా తెల్లగా ఉంటాయి. "సుంకులక్క కూసుందంటే లేపేదెవరు మేస్త్రీ? బతికుండంగానే పని కాడ కూసుంటే ఎవురి మాటా ఇనేది కాదు."

"నోరు ముయ్యి. అధికారి వస్తాండాడు."

ఫెస్టస్ పీట ఎక్కి, పీట దిగి, మా ముందుకు వస్తాడు. వెనక సైనికులు కొత్త రాయి మోసుకొస్తారు. దాని మీద చక్రవర్తి పేరు ఉంది. పేరు పొడుగు, అందుకని రాయి కూడా పొడుగు. దాన్ని గుమ్మం నెత్తిన ఖాళీలో పెడతారు. అది అక్కడ ఒక్క క్షణం ఉండి, మెల్లగా బయటికి జారి, ఆకాశంలోకి పోతుంది. చక్రవర్తి పేరు కనిపించినంతసేపూ సైనికుడు నుదుటికి పెట్టిన చెయ్యి దించకూడదు. రాయి ఎగిరిపోతూనే ఉంది, చిన్నదవుతూనే ఉంది, మాయం మాత్రం కావడం లేదు. గుమ్మం దగ్గరి సైనికుడు చెయ్యి అలాగే పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆ పాత రాయి బరువును తిరిగి కోటలోకి ఎక్కించండి," అంటాడు ఫెస్టస్.

"అది పాలు కాదు సామీ, ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఒంపేకి," అంటాడు దస్తగిరి.

ఫెస్టస్ దీనికి కోప్పడడు. ఎద్దులను తెప్పిస్తాడు. రాయికి మోకు కట్టి లాగిస్తారు. రాయి కదలదు. ఎద్దులే సాగి పొడుగవుతాయి. సావిడి ఈ చివర వాటి తోకలు, ఆ చివర వాటి ముఖాలు. ఎద్దులు అక్కడే పడుకుని ప్రశాంతంగా నెమరు వేస్తున్నాయి. సైనికులు వాటి వీపుల మీద బట్టలు ఆరేసుకుంటున్నారు.

ఫెస్టస్‌కు మా మీద మొదటి నుంచీ ఒక ఫిర్యాదు ఉంది. మేం ప్రతి రాయి పొట్టన ఒక గుర్తు కొడతాం. గనిలో అది మా పద్ధతి. రాయికి పైకి కనిపించేది ముఖం, కింద ఆనుకునేది పొట్ట. ఎవరు కొట్టిన రాయికి వాళ్లు పొట్టన గుర్తు వేస్తారు. అమ్మది జొన్నకంకి. నాది తేలు. మామది గొడ్డలి. ముఠాకు ఒక్క పేరు రాయి పెట్టుకోండి అని రోమా వాళ్లు చెబితే, మాకు అది వింతగా తోచి, అన్ని రాళ్లకూ మా పద్ధతిలో వేశాం. తప్పయితే తప్పే. కట్టేటప్పుడు ఫెస్టస్ చూసి, కనబడని చోట చెక్కి ఎవరికి లాభం అని అడిగాడు. "రాయికి తెలిస్తే సాలు" అంది అమ్మ. పక్క మైళ్లలో పనిచేసే ముఠాలు ఇది చూశాయి. వాళ్లకు మా భాష రాదు, మాకు వాళ్ల భాష రాదు. అయినా ఆ రోజు నుంచి గోడ పొడుగునా అందరూ రాళ్లను తిరగేసి పొట్టన గుర్తు వేయడం మొదలెట్టారు. ఫెస్టస్ దాన్ని ఆపలేకపోయాడు. బోర్లా పెట్టిన రాయిని మళ్లీ లేపి చూసే ఓపిక అధికారులకు ఉండదు.

ఇప్పుడు ఫెస్టస్ మామను పక్కకు పిలుస్తాడు. పక్కకు పిలిచినా మాకు వినిపిస్తుంది. కోటలో బరువు లేదు గనక మాటలు కింద పడకుండా తేలుతూ మా దాకా వస్తున్నాయి.

"నీ రాయిని గుమ్మం మీదే పెట్టు. కానీ ముఖం లోపలికి తిప్పి పెట్టు. బయటికి నున్నటి వెనకభాగం కనబడాలి. అలా చేస్తే సాయంత్రానికి మీ లారీ పిలిపిస్తాను. చేయకపోతే లారీ రాదు. మీరూ మీ పిల్లలూ ఈ మంచులోనే."

మామ నా దగ్గరికి వస్తాడు. ఆయన నడుస్తుంటే పాదాలు నేలకు సరిగా ఆనడం లేదు. నాకు అది నచ్చలేదు.

"ఉరుకుందీ, వాడన్న మాట ఇంటివి గదా."

"ఇంటి."

"రాయి రాయే గదమ్మే. ముఖం ఇటుంటే ఏమి, అటుంటే ఏమి? మనం పొట్టన వేసే గుర్తులు మాత్రం ఎవురికి కనపడతాండాయి?"

"పొట్ట గుర్తు మనకు మనం దాసుకున్యాం మామా. ఇది వాళ్లు దాయమంటాండారు. రెండూ ఒకటేనా?"

మామ గడ్డం గోక్కుంటాడు. గడ్డంలోంచి రాతి పొడి రాలి, కింద పడకుండా పైకి పోతుంది.

"పిల్లోళ్లు సలికి సస్తాండారు. లారీ రాకుంటే?"

"నడుద్దాం. గోడ కట్టినోళ్లకు నడిసేకి రాదా?"

"నీయమ్మ మాదిరే మాట్లాడతావు."

"ఇంకెవురి మాదిరి మాట్లాడాల?"

దస్తగిరి సున్నపు తొట్టిలో కర్ర తిప్పుతూ అంటాడు: "మేస్త్రీ, లోపలికి తిప్పి పెడ్తే ఆ పేరు ఎవురికి కనపడుతుందో తెల్సా? ఎద్దులకు."

మామ సావిడి వైపు చూస్తాడు. పొడుగాటి ఎద్దులు పొడుగ్గా మామ వైపు చూస్తాయి. ఆయన పాదాలు దిగి నేలకు ఆనుతాయి. ఇక ఆ మాట మళ్లీ ఎత్తడు.

అప్పుడే బూరలు ఊదుతారు. చక్రవర్తి వచ్చేశాడు.

ముందు ఒక పెద్ద గుంపు నడిచి వస్తుంది. ఒక్కొక్కరి చేతిలో ఒక మోకు. మోకులన్నీ పైకి పోతున్నాయి. ఆ మోకుల చివర, మా నెత్తి మీద చెట్టంత ఎత్తులో, చక్రవర్తి కుర్చీలో కూర్చున్నట్టు గాలిలో కూర్చుని ఉన్నాడు. కుర్చీ లేదు. ఆయనకు చాలా ఏళ్లుగా బరువు లేదట. ఏ వంతెన మీద, ఏ తలుపు మీద తన పేరు పెట్టించుకున్నా కొంచెం తేలికవుతూ వచ్చాడట. మోకు పట్టుకున్న ఒక ముసలాయన నాకు ఈ సంగతి చెబుతాడు. ఆయన అరచేతులు మోకుకు కోసుకుపోయి ఉన్నాయి. నేను ఆయనకు నా కొంగు చింపి ఇస్తాను.

చక్రవర్తి కిందికి వంగి చూస్తాడు. ముఖం మంచిదే. అలసిపోయి ఉంది.

"ఈ కోట ఎవరు కట్టారు?" అని అడుగుతాడు.

"తమరే ప్రభూ," అంటాడు ఫెస్టస్.

చక్రవర్తి చటుక్కున మరో బారెడు పైకి పోతాడు. మోకులు పట్టుకున్నవాళ్లు కేకలు వేస్తూ మునికాళ్ల మీద నిలబడతారు. ఆయన విసుగ్గా చేత్తో గాలిని తోసుకుంటాడు. మళ్లీ అడుగుతాడు, ఈసారి నన్ను చూస్తూ.

"ఎవరు కట్టారు?"

"మేం కట్టినాం."

ఆయన ఒక బారెడు కిందికి దిగుతాడు.

చక్రవర్తి తన కాళ్ల వైపు చూసుకుంటాడు. "ఇంకోసారి చెప్పు."

"మేం కట్టినాం. రాయి మేం కొట్టినాం. సున్నం మావోడు దస్తగిరి కలిపినాడు. ఆ పేరు మాయమ్మ చెక్కింది."

ఒక్కొక్క మాటకూ ఆయన కొంచెం కొంచెం దిగుతున్నాడు. ఆయన చెప్పులు ఇప్పుడు ఫెస్టస్ తల మీది శిరస్త్రాణానికి తగులుతున్నాయి. ఫెస్టస్ కదలకుండా చెప్పుల కింద నిలబడి ఉన్నాడు, చాలా గౌరవంగా.

"నాతో రా," అంటాడు చక్రవర్తి. "రోజూ పొద్దున ఆ మాట నాకు చెప్పు. నా పేరు కింద మీ పేరు కూడా చెక్కిస్తాను. చిన్న అక్షరాలతో."

"నీ పేరు కింద వద్దు. ఆ మాట నేను చెప్పేదేంది? నీకు నోరుండాది గదా, నువ్వే చెప్పు. మీరు కట్టినారు అను."

చక్రవర్తి నోరు తెరుస్తాడు. అందరం ఎదురుచూస్తాం. గొర్రెపిల్లలు కూడా నమలడం ఆపుతాయి. ఆయన నిజంగానే ప్రయత్నిస్తున్నాడు, అది నేను కాదనను. నుదురంతా చెమట.

"నేను కట్టాను," అంటాడు చివరికి, ఎప్పటి అలవాటు కొద్దీ.

మోకులు ఒక్కసారిగా జరజరా జారిపోతాయి. ఫెస్టస్ ఒక మోకు కొసను ఒడిసి పట్టుకుని దానితోపాటే లేస్తాడు. ఇద్దరూ కోట మీదుగా పోరు. మర్యాదగా కోట లోపలి నుంచి పోతారు, ఉత్తరం గుమ్మం గుండా, లోయ మీదికి. ఆ కమానులోంచి ఎవరైనా పోవడం ఇదే మొదలు, అదీ నడవకుండా. గోడకు ఎక్కడా తగల్లేదు. కొలత అంత బాగుంది.

"ఇప్పుడేం జేద్దాం?" అంటాడు మామ.

"రాయి ఎత్తండి. నా నెత్తిన పెట్టండి."

చీర కుచ్చెళ్లు దోపి, గుడ్డ మెలిపెట్టి చుట్టకుదురు చేసి తల మీద పెట్టుకుంటాను. ముఠా అంతా వస్తుంది. గడ్డపారలు కింద దూరుస్తారు. దస్తగిరి కేక వేస్తాడు, ఆ కేక చివర అందరం ఊపిరి బిగబడతాం. రాయి లేస్తుంది. నా నెత్తి మీదికి వస్తుంది. కోట బరువంతా, రెండు గుమ్మాలు, సావిడి, మెట్లు, పొయ్యి, అన్నీ నా మెడ మీద ఉన్నాయి.

తేలిక అయిందని చెప్పను. బరువుగానే ఉంది. మోయడం మాకు వచ్చు, అంతే.

నేను నడుస్తాను. అడుగు వేసిన చోటల్లా నేల దిగబడి బావి అవుతోంది, అందులో నీళ్లు ఊరుతున్నాయి. వెనక వస్తున్న పిల్లలు వంగి తాగుతున్నారు. మోకులు వదిలేసిన గుంపు కూడా వెనకే వచ్చి తాగుతోంది. అవతలి వాళ్లు గోడ సందులోంచి వంగి వచ్చి, తమ గొర్రెలను తోలుకుని, మాతోపాటు నడుస్తున్నారు. ఎవరూ ఎవరినీ ఆపడం లేదు. గుమ్మం దగ్గరి సైనికుడు ఎడమ చేత్తో మాకు దారి చూపిస్తాడు, కుడి చెయ్యి నుదుటి మీద ఉంది గనక.

కొండవాలులో అమ్మను పెట్టిన చోట ఆగుతాను. రాయిని దించి నిలబెడతాం. ముఖం బయటికి, దారి వైపు. ఇక్కడ రాయి దిగబడలేదు. నిలబడింది. "పల్లపోళ్ల ముఠా కట్టింది" అని ఎండలో పట్టపగలు చదువుకోవచ్చు. మామ తూకం గుండు వదులుతాడు. గుండు నిట్టనిలువునా కిందికి వేలాడుతుంది. నాకు నవ్వు వస్తుంది. ఆయన ముక్కు తుడుచుకుంటాడు.

వెనక్కి తిరిగి చూస్తే మా మైలుకోట తాడి చెట్టంత ఎత్తుకు పోయింది. పక్క మైలులో ఎవరో వేరే ముఠా వాళ్లు నిచ్చెన వేసుకుని తమ పేరు రాయిని తామే ఊడదీసుకుంటున్నారు. దాని పక్క మైలులోనూ. వాళ్లలో ఒకామె నా వైపు ఉలి ఎత్తి చూపిస్తుంది. నేనూ ఎత్తి చూపిస్తాను. ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా గోడ నేలను వదులుతోంది. ముందు సముద్రం వైపు కొస లేచింది, తరువాత నడుము, తరువాత కొండ మీది వంకర. ఒక్క రాయి ఊడలేదు, ఒక్క కీలు విడలేదు. అట్లా కట్టాం.

గోడ మా నెత్తి మీదికి వస్తుంది. ఇప్పుడు దాని పొట్ట కనిపిస్తోంది.

గుర్తులు. ఆకాశం పొడుగునా గుర్తులు. గొడ్డలి, చేప, చంద్రవంక, పంది కోర, తేలు, మేం ఎన్నడూ చూడని పువ్వులు, ఎవరివో రెండు కళ్లు. రాళ్ల పొట్టన దాచుకున్నవన్నీ ఒకేసారి బయటపడ్డాయి. జనం మెడలు ఎత్తి ఎవరి గుర్తు వాళ్లు వెతుక్కుంటున్నారు. "అదో నాది! ఆ మూల! నాది!" అని ఒకడు ఎగురుతున్నాడు. దస్తగిరికి గుర్తు లేదు, సున్నం మనిషి కదా. అతని సున్నం రాళ్ల సందుల్లో తెల్లటి గీతలై ఆ గుర్తులన్నిటినీ ఒకదానితో ఒకటి కలుపుతోంది. అతను నోరు తెరిచి అదే చూస్తున్నాడు.

గోడ నీడ కొండవాలు మీద పడుతుంది. గుర్తుల నీడలకు బరువు ఉంది. అవి పడ్డచోట గడ్డి అణుగుతోంది, నేల ఆ ఆకారంలో కుంగుతోంది. జొన్నకంకి నీడ సరిగ్గా మా రాయి పాదం దగ్గర పడి ఆగుతుంది.

అక్కడ నేల విడుతుంది. కొండవాలు మొత్తం, గడ్డితో సహా, మోకాలెత్తు లేస్తుంది. రాయి దగ్గర మాత్రం గుంజకు కట్టిన గుడ్డలా ఆగింది. కొండ కింద నుంచి వెలుతురు వస్తోంది, రొట్టెలు కాల్చే వాసన వస్తోంది.

ఆ వెలుతురులోంచి ఒక చెయ్యి బయటికి చాచి ఉంది. గోళ్ల నిండా రాతి దుమ్ము. అది దేనికోసమో నాకు తెలుసు. అమ్మ నాకిచ్చిన ఉలిని నా అడుగు బావిలో ముంచి, శుభ్రంగా కడిగి, ఆ చేతిలో పెడతాను. చెయ్యి లోపలికి పోతుంది.

కొండ పొట్టన ఉలి చప్పుడు మొదలైంది. మేం అందరం గడ్డి మీద కూర్చుని వింటున్నాం. అమ్మకు ఇంత పెద్ద రాయి ఇంతవరకు దొరకలేదు.